బంతి బయటికి కొట్టని ఏసమ్మ

ఏసమ్మ గురించి చెప్పాలంటే నేను ఆమె వీపు దగ్గర మొదలుపెట్టాలి. కాజీపేట రైల్వే ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు నేను గోల్‌కీపర్‌ని, ఆమె నా ముందు నిలబడే డిఫెండర్. ఆట నడిచినంత సేపూ ఆమె అటు చూసేది, నేను ఆమెను చూసేదాన్ని. ఆమె బనియన్ మీద నాలుగో నంబరు నేనే కుట్టాను. నాకు కుట్టుపని రాక అది ఒక పక్కకు ఒరిగింది. సరిచేయమని ఏసమ్మ ఏనాడూ అడగలేదు, నేనూ చేయలేదు.

నా పేరు లక్ష్మీనర్సమ్మ. మా నాయన గూడ్సు గార్డు. ఏసమ్మ నాయన దానియేలు లోకో షెడ్డులో ఫిట్టరు. మా రెండు క్వార్టర్లకూ మధ్య ఒక నల్లా, ఒక జామచెట్టు. ఏసమ్మ తల్లి చిన్నప్పుడే పోయింది కాబట్టి ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్ళు ఇద్దరే. ఆమె నాకంటే ఏడాది చిన్న, అందుకని నన్ను నర్సక్కా అనేది.

ఫుట్‌బాల్ ఆటలో న్యాయం లేదు. ఇది ఓడిపోయిన కడుపుమంటతో అంటున్న మాట కాదు, గెలిచిన రోజుల్లోనూ అన్నాను. గోలు కొట్టినదాన్ని భుజాల మీద ఎక్కించుకుంటారు. గోలు పడనిచ్చినదాన్ని తిట్టిపోస్తారు. పడకుండా ఆపినదాని సంగతి ఎవరికీ పట్టదు. కూరలో ఉప్పు ఎక్కువైతే వండినామెను అంటారు, సరిగ్గా పడిన రోజు ఉప్పును ఎవరైనా పొగుడుతారా? ఏసమ్మ అలా సరిగ్గా పడిన ఉప్పు.

మా ఆటంతా లోకో కాలనీ మైదానంలో. మైదానం అన్నది మర్యాదకు. ఒక పక్క క్వార్టర్లు, ఒక పక్క ఇన్‌స్టిట్యూట్ అనే రైల్వే క్లబ్బు గోడ. మూడో పక్క బూడిద కుప్ప. ఆవిరి ఇంజన్ల కడుపుల్లోంచి లాగిన నిప్పుల బూడిదంతా అక్కడే పోసేవారు. పైకి తెల్లగా, చల్లగా కనిపించేది, లోపల కణకణమనేది. బంతి అందులో పడిందంటే తోలు కాలి, కుట్లు విడిపోయి చచ్చేది. నాలుగో పక్క పొట్టి గోడ, దాని అవతల యార్డు పట్టాలు. బంతి అటు పడితే చక్రాల కింద నలిగేది, లేకపోతే ఏ వ్యాగనో ఎక్కి దేశాటనకు పోయేది. కొత్త బంతి రావాలంటే నెలలు పట్టేది. అందుకని లోకంలో ఎక్కడా లేని రూలు ఒకటి మా కాలనీలో పుట్టింది. బంతిని బయటికి కొట్టినవాళ్ళకు, కొత్త బంతి వచ్చేదాకా ఆట బంద్. గోలు పడితే క్షమించేవాళ్ళు. బంతి పోతే మటుకు ఆ ఇంటివాళ్ళతో నల్లా దగ్గర మాటలు కూడా ఉండేవి కావు.

1970 ప్రాంతంలో, మగపిల్లలు ఆడుకుంటుంటే ఏసమ్మను బూడిద కుప్ప వైపు నిలబెట్టారు. ఆటలోకి కాదు. గీతకు అవతల, కంచెకు బదులు. అప్పటికామెకు పన్నెండేళ్ళు. బంతి కుప్ప మీదికి పోకుండా ఆపి, వెనక్కి ఇచ్చేయడం ఆమె పని. కొన్నాళ్ళకు మగపిల్లలకు ఒక సంగతి తట్టింది. కుప్ప మీదికి పోనివ్వని పిల్లను గోలు ముందు నిలబెడితే గోల్లోకీ పోనివ్వదు కదా! అలా గీత బయటున్న పిల్ల గీత లోపలికి వచ్చింది. మా రైల్వేలో ఇంత త్వరగా ప్రమోషన్ వచ్చినవాళ్ళను నేను మరొకరిని చూడలేదు.

ఆమె ఆట తీరే వేరు. డిఫెండర్లు సాధారణంగా ఏం చేస్తారు? గోలు మీదికి గండం వస్తే బంతిని గీత అవతలికి బాదేస్తారు. దాంతో ఊపిరి తీసుకోవడానికి సందు దొరుకుతుంది. ఏసమ్మకు ఆ బాదడం చేతకాదు. బంతిని అరికాలి కింద అదిమిపట్టేది. ఎదుటిమనిషికి వీపు తిప్పి, అటు జరిగి, ఇటు జరిగి, చివరికి మనవాళ్ళలో ఎవరికో మెత్తగా అందించేది. వెనక నిలబడిన నాకు ప్రతిసారీ గుండె నోట్లోకి వచ్చేది. ఆమెకు మటుకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

1976లో రైల్వేవాళ్ళు మా ఆడపిల్లలతో జట్టు కట్టారు. దేశంలో అక్కడక్కడ ఆడవాళ్ళ ఫుట్‌బాల్ మొదలైంది, మనమెందుకు వెనకబడాలన్న పట్టింపు తప్ప మా మీద ప్రేమతో ఏమీ కాదు. కోచ్‌గా వెంకట్రాజం సార్ వచ్చాడు. ఆయన టికెట్ కలెక్టరు, వయసులో ఉన్నప్పుడు రైల్వే జట్టులో ఫార్వర్డ్. ఫార్వర్డ్‌గా ఆడినవాళ్ళకు జీవితాంతం గోలు కొట్టేవాళ్ళే మనుషుల్లా కనిపిస్తారు.

మొదటి తగాదా నిక్కర్ల మీద వచ్చింది. ఏసమ్మవాళ్ళ పాస్టరయ్య ఒకనాడు సైకిల్ దిగి దానియేలును నిలేశాడు.

“దానియేలన్నా, బిడ్డ నిక్కరేసుకొని నలుగురి ముందట ఉరుకుతాంది. మంచిగుంటదా?”

“అయ్యగారూ, నేను గూడ షెడ్డుల నిక్కరేసుకునే ఇంజన్ కింద దూరుత. పని బట్టలు పనికి, ఆట బట్టలు ఆటకు. ఆదివారం గుడికి మంచిగ చీర కట్టుకొనే వత్తాంది గద?” అన్నాడు దానియేలు.

పాస్టరయ్య సంగతి చూద్దామని ఒక ఆటకు వచ్చాడు. ఆ తర్వాత ఒక్క ఆటా తప్పలేదు. నా గోలు వెనకే నిలబడి కళ్ళు మూసుకొని ప్రార్థన చేసేవాడు. అది నా గోలు కోసమో, మా నిక్కర్ల పాప పరిహారం కోసమో నేను అడగలేదు.

వెంకట్రాజం సార్‌కూ ఏసమ్మకూ పొత్తు కుదరలేదు. ఆట ఆటకూ గీత అవతల నుంచి ఆయన గొంతు చించుకునేవాడు. ఒకసారి గుంటూరులో ఆడుతున్నాం. ఏసమ్మ కాలి కింద బంతి, చుట్టూ ముగ్గురు.

“గుడ్డు మీద కూసున్న కోడి తీరు ఏందే అది? బయటకు కొట్టు!” అని అరిచాడు సార్.

“బంతి పోతది సార్!” అని అక్కడి నుంచే జవాబిచ్చింది.

“పోతే పోనియ్యే! గది ఆట రూలే!”

“మన దగ్గర గా రూల్ లేదు గద సార్!”

“మనం మన దగ్గర ఆడుతలేమే, గుంటూరుల ఆడుతానం!”

ఈ లోపల ఆమె ముగ్గురి మధ్య నుంచి బంతిని తప్పించి విమలకు అందించింది. విమల మా ఫార్వర్డ్. ఆ బంతి పట్టుకొని పోయి గోలు కొట్టింది. సార్ విమలను ఎత్తుకొని తిప్పాడు. ఏసమ్మను మటుకు ఆట అయ్యాక మైదానం చుట్టూ పరుగెత్తించాడు, చెప్పిన మాట వినలేదని. చెప్పేది దున్నపోతు మీద వానే అని ఆయనకు తెలుసు. ఆయన మాత్రం కురవడం మానలేదు, ఆమె తడవడం మొదలుపెట్టలేదు.

మరుసటి ఏడాది నుంచి మేమిద్దరమూ రాష్ట్రం జట్టులో ఆడాం. రైలెక్కి చాలా ఊళ్ళు తిరిగాం. ఒక్క గోలుతో గెలిస్తే పేపర్లో విమల పేరు పడేది. గోల్లేమీ లేకుండా ముగిస్తే ‘ఆట చప్పగా సాగింది’ అని రాసేవాళ్ళు. ఆ చప్పదనం కోసం ఏసమ్మ ఎంత చెమట కార్చిందో రాసినవాళ్ళకేం తెలుసు?

1979లో మా పదకొండు మందికీ రైల్వేలో టెంపరరీ ఉద్యోగాలిచ్చారు. నాకు ఆఫీసులో ఫైళ్ళు అందించే పని. ఏసమ్మకు కాజీపేట స్టేషన్‌లో నీళ్ళ పని. రైలు ఆగిన కొద్ది నిమిషాల్లో బకెట్ పట్టుకొని కిటికీ కిటికీకీ తిరిగి ప్రయాణికులకు నీళ్ళు పోయాలి. పొద్దున నీళ్ళు, సాయంత్రం ఫుట్‌బాల్. ఎండాకాలంలో ఆమె అరిచేతులు బకెట్ కడ్డీకి బొబ్బలెక్కి ఉండేవి. అదృష్టం కొద్దీ మా ఆట కాళ్ళతో ఆడేది.

ఇక్కడి నుంచి అసలు కథ. 1983 జూన్ చివర దానియేలు రిటైరవుతున్నాడు. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. కూతురు పర్మినెంట్ ఉద్యోగి అయితే అదే క్వార్టర్ ఆమె పేర రాస్తారు. టెంపరరీ అయితే రాయరు. స్టేషన్ ఘన్‌పూర్ అవతల వాళ్ళ ఊళ్ళో ఉన్న గుడిసె ఏనాడో వానకు కూలిపోయింది. పైగా ఇన్నేళ్ళూ పీల్చిన బొగ్గుపొడి దానియేలు ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. చలికాలం రాత్రుళ్ళు ఆయన దగ్గు మా ఇంట్లోకి వినిపించేది. రైల్వే దవాఖాన నడిచేంత దూరంలో ఉంది కాబట్టి బతుకుతున్నాడు. ఏసమ్మకు జూన్‌లోగా పర్మినెంట్ కావాలి. అంతే. ఆమెకు ఇంకే కోరికా లేదని అనను. కానీ ఇది కాకపోతే మిగతావేవీ లెక్కలోకి రావు.

ఆ ఏడాది హెడ్డాఫీసు నుంచి ఒక మంచి మాట వచ్చింది. ఏప్రిల్‌లో రైల్వే ఆడపిల్లల జట్లకు కప్పు పెడుతున్నారు. కప్పు గెలిచిన జట్టులో టెంపరరీ వాళ్ళందరినీ ఆటల కోటాలో పర్మినెంట్ చేస్తారు. ఫైనల్ మా కాజీపేటలోనే, మా మైదానంలోనే. మేం ఫైనల్‌కు వచ్చాం. ఎదుటి జట్టు హెడ్డాఫీసు వాళ్ళదే.

ఫైనల్ రోజు కాలనీ కాలనీ అంతా గీత చుట్టూ చేరింది. ఆఫీసర్లకు షామియానా వేశారు. దానియేలుకు పాస్టరయ్య ఇంటి నుంచి కుర్చీ తెచ్చి వేశారు. రెండు కొత్త బంతులు ఉండాల్సింది. ఒకదాన్ని పొద్దున ప్రాక్టీసులో విమల బూడిద కుప్పకు నైవేద్యం పెట్టింది. గోలు కొట్టే పిల్ల కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క బంతి చాలదా, ఆడేది ఒక్క ఆటే కదా అన్నాడు వెంకట్రాజం సార్.

విశ్రాంతికి ముందే విమల గోలు కొట్టింది. ఆ తర్వాత ఆటంతా మా సగంలోనే సాగింది. హెడ్డాఫీసు జట్టులో తొమ్మిదో నంబరు పిల్ల ఒకతె, పొడుగ్గా, మెరుపులా వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఏసమ్మ కాలు ముందే అక్కడ ఉండేది. నేను చేతులకు మట్టి అంటకుండా నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, ఆ పూట నా బదులు పాస్టరయ్యను నిలబెట్టినా సరిపోయేది.

చివరి నిమిషాల్లో బంతి యార్డు గోడ వైపు మూలకు పోయింది. ఏసమ్మ దాన్ని అరికాలి కింద పట్టింది. తొమ్మిదో నంబరు పిల్ల ఒక పక్క నుంచి, ఇంకొకతె మరో పక్క నుంచి మీద పడ్డారు. మనవాళ్ళెవరూ దగ్గర్లో లేరు.

“బయటకు కొట్టు! ఇయ్యాలన్న కొట్టవే నీ కాల్మొక్కుత!” అని అరిచాడు సార్.

“కొట్టకే! బయటకు కొట్టకు! బంతి పోతది!” అని కాలనీ అంతా ఒక్క గొంతుతో అరిచింది. ఇన్నేళ్ళ అలవాటు, పోదు కదా. మా అమ్మ అరిచింది, నల్లా దగ్గర నీళ్ళు పట్టేవాళ్ళు అరిచారు, దానియేలు కుర్చీలోంచి లేచి “కొట్టకు బిడ్డా!” అని అరిచి దగ్గులో పడ్డాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఏసమ్మ ఒక్క క్షణం నా వైపు చూసింది. ఆమె కాలి కింద ఉన్నది బంతి కాదు, క్వార్టర్. అది పోతే అన్నీ పోయినట్టే.

“కొట్టవే!” అన్నాను నేను.

కొట్టింది. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి బంతిని బయటికి కొట్టింది. అలవాటు లేని పని కాబట్టి ఎంత కొట్టాలో తెలియక, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. బంతి గోడ దాటింది. అవతల ఖాళీ బొగ్గు వ్యాగన్ల గూడ్సు ఒకటి బెల్లంపల్లి వైపు మెల్లగా కదులుతోంది. బంతి ఒక వ్యాగన్‌లో పడి గుబుక్కుమంది. చివరి బ్రేక్ వ్యాన్‌లోంచి గార్డు మా అందరికీ మర్యాదగా పచ్చ జెండా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. మా నాయన కాదు. అయ్యుంటే ఆ రాత్రి ఆయనకు ఇంట్లో అన్నం దొరికేది కాదు.

బంతి లేదు. రిఫరీ గడియారం చూశాడు, ఆట ఇంకా మిగిలే ఉంది. ఎవరో ఇన్‌స్టిట్యూట్‌లోంచి వాలీబాల్ తెచ్చారు. దాంతో ఆడేది లేదన్నారు హెడ్డాఫీసు వాళ్ళు. ఎవరో స్టేషన్ మాస్టర్ దగ్గరికి పరుగెత్తి, గూడ్సును ఘన్‌పూర్‌లో ఆపమని బతిమాలారు. అది ఘన్‌పూర్ వైపు పోనే లేదు. పొద్దు గూకింది. ఆఫీసర్లు షామియానాలో తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. ఆట పూర్తి కాలేదు కాబట్టి ఇద్దరూ గెలిచినట్టే అని తేల్చి, కప్పుకు ఉన్న రెండు చెవుల్లో ఒకటి మాకు, ఒకటి వాళ్ళకు పట్టించి ఫోటో తీయించారు.

సగం గెలుపుకు సగం ఉద్యోగాలు. పదకొండులో సగం ఐదున్నర. అర మనిషిని పర్మినెంట్ చేసే రూలు లేదు కాబట్టి ఐదు అన్నారు. ఐదు పేర్లు ఇమ్మని వెంకట్రాజం సార్‌ను అడిగారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వొద్దూ? ఆయన విమల పేరు, మిగతా ముగ్గురు ఫార్వర్డ్‌ల పేర్లు ఇచ్చాడు. ఐదో పేరు నాది. ఎందుకంటే కప్పు మొత్తంలో మా మీద ఒక్క గోలూ పడలేదట, అది గోల్‌కీపర్ గొప్పట. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. నేను మండిపోయి ఆయన దగ్గరికి వెళ్ళాను.

“ఏసమ్మ పేరేది సార్?”

“అది బంతి పోగొట్టింది.”

“మీరే గద సార్ కొట్టుమన్నది! ఏడేండ్ల సంది అదే మాట గద!”

“బయటకు కొట్టుమన్న గని, రైల్లకు కొట్టుమన్ననా?” అన్నాడు.

నా ఉద్యోగం ఆమెకు రాయమని ఆఫీసర్‌ను అడిగాను. “ఇదేమైనా సినిమా టికెట్టా అమ్మా, పక్కవాళ్ళకి ఇవ్వడానికి?” అన్నాడాయన.

ఆ వారంలోనే ఇంకో సంగతి జరిగింది. ఫైనల్ చూసినవాళ్ళలో కలకత్తా నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. దేశం జట్టుకు ఆడేవాళ్ళను ఏరడం ఆయన పని. షామియానాలో కాకుండా జనంలో కూర్చున్నాడట, మాకెవరికీ తెలియదు. ఆయన సార్‌కు ఫోన్ చేశాడు. గోల్లు కొట్టేవాళ్ళు తనకు చాలామంది ఉన్నారట. బంతిని బయటికి కొట్టకుండా, కాలి కింద పట్టి మనవాళ్ళకే అందించే డిఫెండర్‌ను మటుకు ఇంతవరకూ చూడలేదట. నాలుగో నంబరు అమ్మాయిని మే నెలలో ఇండియా క్యాంపుకు పంపమన్నాడు. ఆ మాట ఏసమ్మకు చెప్పేటప్పుడు వెంకట్రాజం సార్ ముఖం చూడాలి. వేపాకు నమిలి, తీపి అని చెప్పాల్సి వచ్చినట్టు ఉంది.

ఏసమ్మ సంతోషంతో నా భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళ గుర్తులు పడ్డాయి. ఇద్దరమూ సెలవు అడగడానికి ఆఫీసర్ దగ్గరికి పోయాం.

“ఏమ్మా, ఇకనుంచి ఆటల కోటాలో ఉన్నవాళ్ళకే ఆటల సెలవు. మీరు కోటాలో లేరుగా,” అన్నాడాయన. చెడ్డవాడు కాదు, కుర్చీలో కూర్చోమని కూడా అన్నాడు. “మీకో మంచి మాట చెప్తాను. నాలుగేళ్ళు తెగకుండా నీళ్ళ పని చేశారు కదా. జూన్‌లో నీళ్ళ పనివాళ్ళను మామూలు లెక్కన పర్మినెంట్ చేస్తున్నాం. మీ పేరు ముందుంది. క్వార్టరూ వస్తుంది. కానీ మే నెలలో నీళ్ళ వాళ్ళు ఒక్క రోజు మానినా సర్వీసు తెగినట్టే. మళ్ళీ మొదటి నుంచి లెక్క.”

అంటే ఇన్నేళ్ళ ఫుట్‌బాల్ ఇవ్వని ఉద్యోగం బకెట్ ఇస్తోంది. తీసుకుంటే క్యాంపు లేదు. క్యాంపుకు పోతే క్వార్టర్ లేదు.

ఏసమ్మ ఆఫీసు మెట్లు దిగి నేరుగా ప్లాట్‌ఫారం మీదికి పోయి బకెట్ అందుకుంది. నేను వెంటపడ్డాను.

“నాయినకు చెప్పరాదే. ఏదన్న కిరాయింట్ల ఉంటరు జరన్ని రోజులు.”

“చెప్తే ఏమంటడో ఎరికేనా నర్సక్కా? పో బిడ్డా అంటడు. ఇంకో మాట అనడు. క్వార్టర్ ఖాళీ చేసి, పోయి ఆ ఊళ్ళె కూలిన గోడల నడుమ మంచమేసుకుంటడు. దవాఖాన ఉండది, ఏం ఉండది. ఒక్క చలికాలం గూడ ఎల్లడు. గందుకే చెప్ప. నువ్వు గూడ చెప్పకు. సార్‌కు గూడ చెప్పొద్దని చెప్పిన.”

“నీకు పోవాల్నని లేదా?”

“ఉన్నది,” అంది. “మస్తున్నది నర్సక్కా.” బకెట్ కింద పెట్టి, చెంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. అంతలో గ్రాండ్ ట్రంక్ రైలు వచ్చింది. కిటికీల్లోంచి చేతులు, చెంబులు బయటికి వచ్చాయి. ముఖం తుడుచుకొని బకెట్ ఎత్తుకొని పోయింది.

జూన్‌లో ఆమె పర్మినెంట్ అయింది. దానియేలు రిటైరైన నాడు షెడ్డు వాళ్ళు పూలదండ వేసి బ్యాండుతో క్వార్టర్ దాకా తెచ్చారు. అదే క్వార్టర్‌కు. ఆయన తలుపు మీద చెయ్యి పెట్టి, నా బిడ్డ ఇల్లు అని అందరికీ చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఏసమ్మకు సాయంత్రం డ్యూటీలు పడ్డాయి. ఆటకు సెలవు ఇమ్మని అడిగితే, మీరు నీళ్ళ మనిషి కదా, ఆట ఏమిటన్నారు. ఆమె లేకుండా మేం ఆడిన మొదటి ఆటలో నా మీద నాలుగు గోల్లు పడ్డాయి. గోల్‌కీపర్ గొప్ప ఏమిటో అప్పుడు అందరికీ తెలిసింది. రెండేళ్ళు తిరిగేసరికి జట్టే లేదు. పర్మినెంట్ అయిన ఫార్వర్డ్‌లు పెళ్ళిళ్ళు చేసుకొని బదిలీలు పెట్టుకున్నారు, నేనూ హన్మకొండ కోడలినై పోయాను. ఏసమ్మ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, “సూడవచ్చినోడల్లా క్వార్టర్‌ల ఎన్ని అర్రలున్నయని అడుగుతాండు,” అనేది.

1988లో కాజీపేట వాళ్ళకు ఉన్నట్టుండి మేము జ్ఞాపకం వచ్చాం. అదే మైదానంలో పాత క్రీడాకారిణులకు సన్మానం పెట్టారు. మాకు శాలువాలు, పైగా మైకు. సభకు వచ్చినవాళ్ళకు నీళ్ళివ్వడానికి స్టేషన్ నుంచి మనుషులను పంపారు. ఆ మనుషుల్లో ఏసమ్మ ఉంది. యూనిఫాం చీర కట్టుకొని, జగ్గు పట్టుకొని వేదిక పక్కన నిలబడింది.

ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. విమలను పిలిచారు, చప్పట్లు. నన్ను పిలిచారు, చప్పట్లు. “తర్వాత ఏసమ్మ గారు,” అన్నాడు మైకు ముందున్నాయన. హెడ్డాఫీసు నుంచి వచ్చినవాడు, ఎవరినీ ఎరగడు. ఏసమ్మ అప్పుడు ఆయన గ్లాసులోనే నీళ్ళు పోస్తోంది.

నేను వేదిక మీద నుంచి ఆమె చెయ్యి పట్టుకున్నాను. “రావే, పిలుస్తాన్రు.”

“ఇడువు నర్సక్కా. డ్యూటీల ఉన్న. జగ్గు కింద పెట్టి పోతే మెమో ఇస్తరు. ఆడ కూసున్నది మా టేషన్ సారే.”

“ఏసమ్మ గారు రాలేదనుకుంటాను,” అని ఆయన నీళ్ళు తాగి, తర్వాతి పేరు చదివాడు. కాలనీ వాళ్ళు కొందరు గొడవ చేశారు, వచ్చింది, ఆమెనే అని. మైకు ముందు ఎవరి గొడవ వినిపిస్తుంది? నేను నాకు కప్పిన శాలువా తీసి కుర్చీ మీద పడేసి దిగి వచ్చేశాను. కోపం పట్టలేకపోయాను, ఇప్పటికీ తలచుకుంటే పట్టలేను.

నేరుగా వాళ్ళ క్వార్టర్‌కు పోయాను. దానియేలు వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఎముకల గూడయ్యాడు, కానీ ఉన్నాడు. ఇన్ని చలికాలాలు దాటి ఉన్నాడు.

“మైకుల నా బిడ్డ పేరు ఇనపడ్డదే లచ్చినర్సూ. ఎక్కిందా పైకి?”

“లేదు కాకా. డ్యూటీల ఉండె.”

“డ్యూటీల ఉంటే ఎట్లెక్కుతది? మంచిగ చేసింది,” అన్నాడు. నలభై ఏళ్ళ రైల్వే మనిషి కదా. కాసేపు దగ్గి, ఊపిరి తీసుకొని మళ్ళీ అందుకున్నాడు. “గని ఒక్క మాట. దానికి ఆట వచ్చె గని పట్టుదల రాలే. మంచిగ పైకొచ్చే యాళ్ళకు ఇడిసిపెట్టె. జర గట్టిగ నిలవడితే ఇండియాకు ఆడేది. ఒట్టి బద్దకం. నేనేమన్న ఆపిన్నా? ఏనాడన్న వద్దన్ననా?”

నా ఒళ్ళు మండింది. ఏళ్ళుగా ఆపుకున్న మాట నోటిదాకా వచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. ఏసమ్మ డ్యూటీ దిగి వచ్చి వాకిట్లో నిలబడి ఉంది. ఆ మాటలన్నీ వింది. నా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపింది.

“అవు నాయినా,” అంది. “బద్దకమే.”

చెప్పులు విడిచి లోపలికి పోయి మందు సీసా తెచ్చింది. చెంచాలో పోసి, ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టి తాగించింది.